రాయి మంచిది పెట్టియ్యుండ్రి

మొన్న ఆదివారం మా పాత స్కూలు హెడ్మాస్టరు ఫోన్ చేసిండు. నేను రిటైరైనంక వచ్చినాయన, మొఖం సుత చూడలే నేను. "మేడం, మన డ్రిల్లు సారు పోయిన సంగతి మీకెరుకే గద. ఆయన పేరు మీద ఒక శిలాఫలకం పెడదామని స్టాఫంత తీర్మానం చేసినం. ఆయన్తోటి ఎక్కువ దినాలు పనిచేసింది మీరే గన్క, దాని మీద ఏం రాయాల్నో నాలుగు లైన్లు మీరే రాసియ్యాలె" అన్నడు.

నాకు నవ్వొచ్చింది. చచ్చిపోయినోని ముచ్చట మాట్లాడుకుంట ఈమె నవ్వుడేందని అనుకున్నడేమో, ఆయన మాట ఆపిండు. నేను దగ్గొచ్చినట్టు చేసి, "రేపు చెప్త సార్" అని ఫోన్ పెట్టేసిన. ఫోన్ పెట్టేసినంక కండ్లల్ల నీళ్లొచ్చేదాంక నవ్విన. శిలాఫలకమట. అదీ డ్రిల్లు సారుకు.

ఆయన్ని ఎరుగనోల్లకు చెప్తున్న. సన్నగ, పొడుగ్గ, ఎండకు ఎండి నల్లగైన మనిషి. రిజిస్టర్ల పేరుండె గని ఆ పేరుతోటి ఎవరూ పిలిచింది లేదు. పిల్లలకు డ్రిల్లు సారు, మాకు డ్రిల్లు సారు, ఆఖరికి ఇంటికి పోయి అడిగితే ఆయన భార్య సుత "డ్రిల్లు సారు లేడు, చర్చికి పోయిండు" అనేది. మెడల తాడు, తాడుకు విజిలు, కాళ్లకు తెల్ల కాన్వాసు బూట్లు. ఆ బూట్ల తెలుపు నాది. అంటే, నా సుద్దముక్కలది. నా టేబుల్ మీది డబ్బాలకెల్లి రోజొక సుద్దముక్క మాయమయ్యేది, తెల్లారి ఆయన బూట్లు మెరిసేవి. ఒకపారి అడిగితే, "సర్కారు సొమ్మే గద టీచరమ్మా, సర్కారు కాళ్లకే పెట్టిన" అన్నడు.

ఇంకొక రోగముండె ఆయనకు. కొలుచుడు. ఎక్కడ నిలబడ్డా, ఎవరితోటి మాట్లాడుతున్నా, ఒక బూటు మడిమెను ఇంకో బూటు ముక్కుకు ఆనిచ్చి అడుగులు లెక్కబెట్టుకుంట పోయేటోడు. స్టాఫ్ రూము కొలిచిండు. బీరంగూడల మా ఇంటికి చాయకు పిలిస్తే మా హాలు కొలిచి, "మీది పది బై పన్నెండు" అని చెప్పిండు, మేమేదో అడిగినట్టు. చర్చిల పాటకూ పాటకూ మధ్యల వెనక వరుసల కొలుస్తుంటే పాస్టరు గారు ఆగి, "బ్రదర్, ఏమన్న పడిపోయిందా" అని అడిగిండట.

మా స్కూలు పటాన్‌చెరు దాటినంక హైవే పక్కన ఉండె. ముందట లారీలు, వెనక ఫ్యాక్టరీలు, నడుమ మా పిల్లలు. కాంపౌండుల ఒక మూలకు పాత రాతిగోడల హాలు ఒకటి. బోర్డు మీద వ్యాయామశాల అని రాసుండె గని ఊళ్లోల్లందరికి అది తాలీంఖాన. లోపల ఎక్కుడు తాడు, డబుల్ బార్లు, నున్నగైన కట్టె స్తంభం. నేల మాత్రం గచ్చు. వాన పడ్డప్పుడల్ల గుమ్మంల నుంచి నీళ్లొచ్చి ఆ గచ్చు గుమ్మం కాడి సంది నట్టనడుమ దాంక గుంతలు గుంతలు పడ్డది.

ఆ గుంతల్లనే ఒక పిల్ల పడ్డది. తొమ్మిదో తరగతి. నాయిన ఫ్యాక్టరీల కాంట్రాక్టు లేబరు. ఆ పిల్ల కూతకు పోయిందంటే అవతలి జట్టుల ఇద్దరు ముగ్గురు బయటికి రావాల్సిందే, గట్ల ఆడేది కబడ్డీ. ఒకనాడు కూతకు పోయి మర్రి ఉరికొస్తుంటే కాలు గుంతల దిగింది, మోకాలు పక్కకు తిరిగింది. ఆ కేక పక్క క్లాసుల ఉన్న నాకు వినపడ్డది. డ్రిల్లు సారు ఆ పిల్లను మోపెడ్ మీద నడుమ కూసోబెట్టి, వెనక ఇంకో పిల్లను పట్టుకోమని చెప్పి, సంగారెడ్డి పెద్దాసుపత్రికి తీస్కపోయిండు. మోకాలు అతికింది గని మళ్ల సరిగ్గ వంగలే.

తర్వాత ఆఫీసరొచ్చిండు, చూసిండు, ఒక కాగితం మీద ప్రమాదకరమని రాసి తాలీంఖానకు తాళమేయించి పోయిండు. నేల బాగుచేసి చూపెట్టిననాడు తాళం తీస్తమన్నడు. మగపిల్లలు గ్రౌండుల ఆడుకున్నరు, వాళ్లకేంది. ఆడపిల్లలు బయట ఆడుతుంటే లారీలోల్లు బండ్లు ఆపి చూసుడు, షిఫ్టు దిగినోల్లు కాంపౌండు గోడ మీద కూసోని చూసుడు. నెల తిరగకముందే తల్లిదండ్రులు "ఆట లేదు, గీట లేదు" అన్నరు. ఆడపిల్లల జట్టు గట్ల ఖతమయింది. తాళం తీయించాలె, ఆ పిల్లలు మళ్ల లోపల ఆడాలె, డ్రిల్లు సారుకు ఉన్నదొక్కటే పట్టుదల.

ఇగ దాతల కోసం తిరుగుడు మొదలుపెట్టిండు. పైకప్పుకు దాత జల్దీ దొరికిండు. రేకుల కంపెనీ ఆయన. కొత్త రేకులేసి, వాటి మీద తన కంపెనీ పేరు ఎంత పెద్దగ రాయించిండంటే హైవే మీద బస్సుల కూసున్నోల్లు కండ్లద్దాలు లేకుండ చదువుకోవచ్చు. గోడలకు సుత దొరికిండ్రు. గోడ మీద పేరు రాస్తే ఎదురుంగ కనపడ్తది గద. నేలకు మాత్రం ఎవడూ దొరకలే.

ఒకసారి మందుల ఫ్యాక్టరీ మేనేజరు కాడికి నన్ను తోలుకపోయిండు. ఆయన ఇంగ్లీషు మాట్లాడితే జవాబు చెప్తదని నన్ను అప్పటి హెడ్మాస్టరు పంపిండు. తీరా పోతే ఆయన తెలుగే మాట్లాడిండు. డ్రిల్లు సారు ఆయన టేబుల్ ముందట సావధాన్‌ల నిలబడ్డడు, చేతులు పక్కకు, గదుమ పైకి.

"నేలనా?" అన్నడు మేనేజరు. "మా పేరు ఎక్కడ రాస్తరు?"

"నేల మీదనే సార్. ఒక మూలకు."

"పిల్లలు తొక్కుతరు గదయ్య."

"తొక్కుతరు సార్. నేల గద."

మేనేజరు నా దిక్కు చూసిండు, ఈ మనిషికి బుర్ర సరిగ్గనే ఉన్నదా అన్నట్టు. "మా చైర్మన్ గారి పేరు కాళ్ల కింద పెట్టాల్నా? ఒక పని చెయ్యుండ్రి, ఫ్యాన్ ఇస్తం. ఫంక్షన్ పెట్టుండ్రి. శిలాఫలకం మాత్రం మంచిగుండాలె, దాని ఖర్చు ఎంతైనా మాదే" అన్నడు.

బయటికొచ్చినంక డ్రిల్లు సారు గేటు కాడ నిలబడి బూటు ముక్కుకు బూటు మడిమె పెట్టుకుంట రెండడుగులు అటు, మూడడుగులు ఇటు కొలుస్తున్నడు. నేను ఎండల నిలబడి తిట్టుకుంటున్న. ఆఖరికి తలెత్తి, "టీచరమ్మా, ఫ్యానుకంటె రాయే మందముంటది" అన్నడు. నాకేం సమజ్ కాలే. పైత్యం ముదిరిందనుకున్న.

ఆ దినం సంది ఆయన నేల ముచ్చటే తీయలే. ఎవరి కాడికి పోయినా ఒకటే మాట: "మీరేమిచ్చినా మంచిదే సార్. రాయి మాత్రం మంచిది పెట్టియ్యుండ్రి." జనం సంబురపడ్డరు. ఇంత సులువుగ పేరొస్తదంటే ఎవనికి చేదు? ఒకాయన రెండు వాలీబాల్‌లు ఇచ్చిండు, నల్లరాయి మీద బంగారు రంగు అక్షరాలతోటి తన పేరు, తన తండ్రి పేరు, తన ఊరి పేరు చెక్కించుకున్నడు. ఇంకొకాయన బకెట్టు, మగ్గు ఇచ్చిండు. దానికీ శిలాఫలకమే, దానికీ పరదా, దానికీ కొబ్బరికాయ. చారాణ కోడికి బారాణ మసాల అని మేం స్టాఫ్ రూముల పడి పడి నవ్వినం. అందరికంటె గట్టిగ నవ్వింది నేనే, అబద్ధమెందుకు.

రాళ్ల విషయంల డ్రిల్లు సారుకు మస్తు పట్టింపు. సంగారెడ్డి చౌరస్తాల రాళ్లు చెక్కే ఆయన ఒకడుండె, పని అక్కడనే చేయించాలె. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడుగు, అందరికీ అదే కొలత. ఒక లీడరు దర్జాగ ఉంటదని పైన గోపురం లెక్క గుండ్రంగ కోయించిన రాయి పంపితే, ఈయన దాన్ని ఆటోల వేసుకోని వాపస్ తీస్కపోయిండు. "నాలుగు మూలలు సమంగా ఉండాలె సార్, లేకుంటే మీ పేరుకే చిన్నతనం" అని చెప్పిండట. ఆ లీడరు నమ్మిండు. ఇంకొక కిరికిరి ఏందంటె, ఏ రాయినీ స్కూలు వరండ గోడకు సిమెంటుతోటి అంటించనియ్యకపోయేది. నాలుగు స్క్రూలు పెట్టి బిగియ్యాలె. "గోడ పాతది, సిమెంటు పట్టది" అనేటోడు. ఆ గోడ ఫిరంగి పెట్టి పేల్చినా పడేటట్టు లేదు.

ఒక్క ముచ్చట మాత్రం నవ్వుకుంట చెప్పలేను. అదే మందుల ఫ్యాక్టరీ, రెండేండ్ల తర్వాత, మాకు తాగునీళ్ల ట్యాంకు ఇచ్చింది. ఎందుకిచ్చిందో ఊరందరికి తెలుసు. వెనక వాగుల నీళ్లు రంగు మారినయి, మా స్కూలు బోర్ల నీళ్లు మందుగోలీ వాసన కొట్టుడు మొదలైంది. ఊళ్లోల్లు గేటు ముందట కూసున్నరు. కూసున్న వారానికి మాకు ట్యాంకు వచ్చింది, శుద్ధమైన తాగునీరు అని రాయొచ్చింది. ఆ చైర్మన్ వస్తున్నడని డ్రిల్లు సారు పిల్లలను పన్నెండు గంటల ఎండల రెండు వరుసలు నిలబెట్టిండు, చేతుల్ల బంతిపూలు. కారు గంటన్నర ఆలస్యంగొచ్చింది. ఇద్దరు పిల్లలు సొమ్మసిల్లి పడిపోయిండ్రు.

నేను గ్రౌండులనే లొల్లి పెట్టుకున్న. "మన బోరు పాడుచేసినోనికి మన పిల్లలతోటి పూలేయిస్తున్నరా సార్? సిగ్గున్నదా?"

ఆయన విజిలు నోట్ల పెట్టుకోని తీసిండు. "పూలు వాడిపోతయి టీచరమ్మా. రాయి ఉంటది."

"పిల్లలు సుత వాడిపోతున్నరు, చూస్తలేరా?"

ఆయన పడిపోయిన పిల్లను ఎత్తుకోని నీడకు తీస్కపోయిండు. ఆ సాయంత్రం ఆ ఇద్దరు పిల్లల ఇండ్లకు పోయి మాఫీ అడిగిండని తర్వాత తెలిసింది. అడిగితే అడిగిండు. ఆ ఎండను నేను ఇప్పటికీ మర్వలే, ఆ ఒక్క విషయంల ఆయన్ని నేను మాఫ్ చేయలే. మంచి పని కోసమైనా సరే, పసిపిల్లలను బారుకట్టి నిలబెట్టే హక్కు ఎవనికీ లేదు.

ఏండ్లు గడిచినయి. వరండ గోడ మొత్తం రాళ్లతోటి నిండింది, కొత్తగ వచ్చినోల్లు ఇది స్కూలా సమాధుల తోటనా అన్నట్టు చూసేటోల్లు. అప్పుడు నేనొక వింత గమనించిన. ఎన్నికల్ల ఓడిపోయిన లీడరు రాయి కనపడ్తలేదు. బదిలీ అయిన మేనేజరు రాయి లేదు. ఒక కంపెనీ చేతులు మారింది, పాత యజమాని రాయి మాయం. గోడ మీద నాలుగు తూట్లు తప్ప ఏం లేదు. ఊడిపోయిన పేరును ఎవడడుగుతడు? ఒక దినం తాలీంఖాన వెనకకు పోయి చూస్తే పాత గోనెసంచుల కింద రాళ్లన్నీ ఒకదాని మీదొకటి పేర్చి ఉన్నయి.

ఇగ నా నోరు ఆగుతదా? స్టాఫ్ రూముల అందరి ముందటనే అడిగిన. "డ్రిల్లు సారూ, రాళ్ల బేరం బాగ నడుస్తున్నట్టున్నది. రాయి ఎంతకు అమ్ముతున్నరు?"

అందరూ నవ్విండ్రు. ఆయన చాయ గ్లాసు కింద పెట్టిండు. చెవులు ఎర్రగైనయి. "పేరున్న రాయిని ఎవరు కొంటరు టీచరమ్మా? దాన్ని అమ్మితే అమ్మినోని పరువే పోతది" అన్నడు, నెమ్మదిగ. గ్లాసు కడిగి పెట్టి గ్రౌండుకు పోయిండు. ఆ దినం సంది నా డబ్బాల సుద్దముక్క పోలే. బూట్లు మాసిపోయి ఉండేవి. నేను గెలిచిన అనుకున్న.

ఆ ఎండకాలమే ఆర్డరొచ్చింది. తాలీంఖాన ఎట్లనూ మూసే ఉన్నది గన్క, సెలవులైనంక దాన్ని గోదాము చేస్తమని. హెడ్మాస్టరు మాకు చదివి వినిపిచ్చిండు. డ్రిల్లు సారు హాలు తాళంచెవి ఒక్క నెలకు ఇయ్యుమని అడిగి తీసుకున్నడు.

జూన్‌ల స్కూలు తెరిచిననాడు పోతే తాలీంఖాన తలుపులు బార్లా తెరిచున్నయి. గుమ్మం కాడి సంది నడుమ దాంక నల్లటి బండల నేల. రెండు బై మూడు కొలతల బండలు, నాలుగు మూలలు సమంగా, వరుసగ. చౌరస్తాల రాళ్లు చెక్కే ఆయన మోకాళ్ల మీద కూసోని సందుల సిమెంటు నింపుతున్నడు. డ్రిల్లు సారు ఎవరినో నడిపిచ్చుకొస్తున్నడు. చూస్తే ఆ పిల్ల. పిల్లేంది, పెండ్లై ప్యాకింగు కంపెనీల పని చేసుకుంటున్న ఆడామె అప్పటికే. వంగని కాలు ఈడ్చుకుంట ఆ నేల మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. "గరుకు గరుకున్నది సార్" అన్నది.

"గరుకే ఉండాలె బిడ్డా. జారొద్దు."

నేను వెనకకు మర్రి వరండ గోడ దిక్కు చూసిన. ఈ మధ్య పెట్టిన రెండు మూడు రాళ్లు తప్ప గోడంత తూట్లే. "రాళ్లేవి సార్?" అన్న. ఆయన నన్ను చూడలే. కింద చూసిండు. నేను సుత కింద చూసిన. లీడరు, మేనేజరు, చైర్మన్, వాలీబాల్‌లాయన, బకెట్టు మగ్గాయన, అందరూ బోర్ల పడుకున్నరు. అద్దం లెక్క నున్నగున్న పేర్ల మొఖం మట్టిల, గరుకు వీపు పైకి. ఎవరి పేరు కాళ్ల కింద వద్దన్నరో ఆ పేర్ల మీదనే నా చెప్పులున్నయి.

నాకు సిగ్గయింది, ఏడుపొచ్చింది, అంతకంటె ఎక్కువ నవ్వొచ్చింది. మాఫీ అడుగుదామని నోరు తెరిస్తే ఆయన విజిలు ఊది, "టీచరమ్మా, చెప్పులిడిసి రావాలె లోపలికి" అన్నడు. నేను ఇంటికి పోయేముందు ఒక కొత్త సుద్దముక్కల డబ్బా ఆయన టేబుల్ మీద పెట్టిన. ఆయన దాని ముచ్చట ఎన్నడూ తీయలే. తెల్లారి బూట్లు మాత్రం మెరిసినయి.

ఆఫీసరొచ్చి నేలను కాలుతోటి తన్ని చూసి, ఆర్డరు వాపస్ తీసుకున్నడు. ఆడపిల్లల జట్టు మళ్ల లేచింది. హెడ్మాస్టరుకు మాత్రం వారం దినాలు నిద్ర లేదు. "ఆ లీడరుకు తెలిస్తే నా గతేంది" అని ఒకటే పరేషాన్. నెల దినాలకు కొత్త లీడరు వచ్చిండు, కొత్త సౌండు బాక్సు ఇయ్యడానికి. నేల మీద అటు ఇటు నడిచి, "ఎంత మంచి నేల! ఎవరిచ్చిండ్రు?" అని అడిగిండు.

"దాతలు సార్" అన్నడు డ్రిల్లు సారు, సావధాన్‌ల నిలబడి. "వాళ్ల పేరు కనపడొద్దు సార్."

ఆ లీడరు కరిగిపోయిండు. గుప్తదానం గొప్పతనం గురించి మైకుల అరగంట మాట్లాడిండు. కుడి చెయ్యి ఇచ్చింది ఎడమ చెయ్యికి తెల్వద్దన్నడు. దిగి కిందికొచ్చినంక మెల్లగ అడిగిండు, "నా ఫలకం ఎక్కడ పెడ్తున్నరు?" నేను మొఖానికి కొంగు అడ్డం పెట్టుకున్న. డ్రిల్లు సారు మొఖంల ఒక్క నరం కదలలే. "మంచి జాగనే చూస్త సార్. రాయి మంచిది పెట్టియ్యుండ్రి" అన్నడు.

ఆ రాయి రాలే. ఆ లీడరు వేరే ఊరికి మారిండు, డ్రిల్లు సారు రిటైరైండు. గుమ్మం కాడ సరిగ్గ ఒక్క బండ జాగ మిగిలిపోయింది. అక్కడ సిమెంటు పూసిండు గని ప్రతి వానకాలం అది పలిగేది, ప్రతి వానకాలం ఆయన మోపెడ్ మీదొచ్చి మళ్ల పూసిపోయేటోడు. రిటైరైనంక సుత. "ఒక్కటి తక్కువ పడ్డది టీచరమ్మా, ఒక్కటే" అనేటోడు, కన్నబిడ్డల్ల ఒకడు బడికి పోలేదన్నట్టు బాధపడుకుంట. ఈ ఫోన్ రాకముందు, ఆయన్ని సమాధి చేసిననాడు వాపస్ వచ్చేటప్పుడు నేను స్కూలు కాడ ఆటో ఆపించి పోయి చూసిన. ఆడపిల్లలు లోపల ఆడుతున్నరు. గుమ్మం కాడి సిమెంటు పలిగి, పిల్ల కాలు దిగేంత గుంత పడ్డది. ఇగ దాన్ని పూసేటోడు లేడు. చెప్పు మడిమె చెప్పు ముక్కుకు ఆనిచ్చి కొలిచిన. రెండు బై మూడు.

సోమవారం తెల్లారంగనే హెడ్మాస్టరు మళ్ల ఫోన్ చేసిండు. "మేడం, రాసిండ్రా? ఏం రాయమంటరు?"

"ఏమైనా రాయుండ్రి సార్. మీ ఇష్టం" అన్న. "కొలత మాత్రం నేను చెప్త, రాసుకోండ్రి. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడుగు. మందముండాలె. నాలుగు మూలలు సమంగా ఉండాలె. సిమెంటుతోటి అంటియ్యొద్దు, స్క్రూలు పెట్టుండ్రి."

"గోడ మంచిగనే ఉన్నది గద మేడం, స్క్రూలెందుకు?"

"గోడ పాతది సార్" అన్న.